నడిమి గొంతు

మూడు గొంతులు మూడు వేరు వేరు స్వరాల మీద కలిసి పాడేటప్పుడు అన్నిటికన్నా కష్టం నడిమి గొంతుది. పై గొంతు అందరి చెవినా పడుతుంది. కింది గొంతుకి కాళ్ల కింద నేల ఉంటుంది. మధ్యవాడికి అటు పేరూ లేదు, ఇటు ఆసరా లేదు. పుస్తకంలో చదివి చెబుతున్న మాట కాదిది. పోయిన వేసవిలో మా వదిన ముందు పరువు పోగొట్టుకుని తెలుసుకున్నది.

వదిన పాతికేళ్లుగా ఇంట్లోనే పిల్లలకి సంగీతం చెబుతారు. ఆ సాయంత్రం పాఠం అయిపోయి, పిల్లలు చెప్పులు వెతుక్కుని వెళ్లిపోయారు. శ్రుతిపెట్టె ఇంకా మోగుతూనే ఉంది. "వదినా, మీరు షడ్జం పట్టండి, అమ్మడు పంచమం పడుతుంది, మధ్యలో నేను గాంధారం మీద నిలబడతాను. ఒక్క నిమిషం," అన్నాను. అమ్మడంటే మా అన్నయ్య కూతురు, ఇంటర్ చదువుతోంది. వదిన నన్ను అదోలా చూసి, "సరే, నిలబడు," అన్నారు.

పది అంకెలు లెక్కపెట్టేలోపే జారిపోయాను. "బాబాయ్, నువ్వు నా స్వరంలోకి వచ్చేశావు," అంది అమ్మడు. రెండోసారి కిందికి జారి వదిన షడ్జంలో పడ్డాను. మూడోసారి చెవిలో వేలు పెట్టుకుని గాంధారం నిలిపాను గాని అది పాట కాలేదు, మొండితనమైంది. పక్కవాళ్లని వినకుండా నిలబడితే ఇక కలిసేదేముంది? "మనకెందుకయ్యా ఈ అవస్థ, అందరం ఒకటే పాడుకుంటాం గదా," అని వదిన శ్రుతిపెట్టె కట్టేశారు.

అప్పుడు ఫోనులో 'హెల్ప్‌లెస్లీ హోపింగ్' పెట్టాను. మూడు నిమిషాలు కూడా లేని పాట. ఒక గిటారు, మూడు మగ గొంతులు, అంతే. మొదటిసారి విని "బావుంది" అన్నారు వదిన. రెండోసారి కళ్లు మూసుకుని విన్నారు. మూడోసారి పాట అయ్యాక, "మధ్యలో పాడేదెవరు?" అని అడిగారు. ఆ ప్రశ్నకి నేను చెప్పిన జవాబు కాస్త పొడుగైంది. దాన్నే ఇక్కడ రాస్తున్నాను.

ఆ పాట ఉన్న ఎల్పీ 1969 మే 29న అమెరికాలో అట్లాంటిక్ రికార్డ్స్ నుంచి వచ్చింది. పేరు 'క్రాస్బీ, స్టిల్స్ అండ్ నాష్'. ప్లీడర్ల ఆఫీసు బోర్డులా ముగ్గురి ఇంటిపేర్లు వరసగా రాసి ఊరుకున్నారు. దానికి కారణం ఉంది. ముగ్గురూ అంతకుముందు పేరున్న బృందాల్లో పనిచేసి బయటికొచ్చినవాళ్లు. డేవిడ్ క్రాస్బీని 1967లో బైర్డ్స్ బృందం వెళ్లగొట్టింది. స్టీఫెన్ స్టిల్స్ ఉన్న బఫెలో స్ప్రింగ్‌ఫీల్డ్ 1968లో చెదిరిపోయింది. గ్రాహం నాష్ ఇంగ్లండ్‌లో హాలీస్ బృందాన్ని అదే ఏడాది చివర వదిలేశాడు. తాము లేకపోయినా బైర్డ్స్, హాలీస్ పేర్లతో కచేరీలు నడుస్తూనే ఉన్నాయని చూసినవాళ్లు కాబట్టి, ఈసారి మనిషి లేకపోతే పేరు కూడా మిగలని ఏర్పాటు చేసుకున్నారు.

ముగ్గురూ పాటలు రాసేవాళ్లే. ఎవరి పాట వాళ్లు రాసుకుని, ఎవరి గిటారు వాళ్లు వాయించుకుని, ఒంటరిగా వేదికెక్కి నిలబడగలవాళ్లే. అలాంటివాళ్లు పక్కవాడి పాటకి వంత పాడటానికి ఒప్పుకోవడమే విశేషం. మన భాషలో 'వంత పాడటం' అన్నది ఇప్పుడు తిట్టులా తయారైంది. బుర్రకథలో వంతలు లేకపోతే కథకుడు ఎంతసేపు నిలబడగలడో చూసినవాడికి ఆ తిట్టు నచ్చదు. ఈ ఎల్పీలో ఉన్నది మాత్రం ఒకరు తానా అంటే ఇద్దరు తందానా అనే వంత కూడా కాదు. ఒకే మాట, ఒకే క్షణం, మూడు స్వరాలు.

ముగ్గురూ మొదటిసారి కలిసి పాడింది 1968 వేసవిలో, లాస్ ఏంజెలెస్ కొండల్లోని లారెల్ కాన్యన్‌లో. స్టిల్స్ కొత్తగా రాసిన 'యూ డోంట్ హావ్ టు క్రై' అనే పాటని అతనూ క్రాస్బీ రెండు గొంతుల్లో పాడి వినిపించారు. నాష్ విని, మళ్లీ పాడమన్నాడు. పాడారు. ఇంకోసారి అన్నాడు. ఆ మూడోసారి పైన తన గొంతు కలిపాడు. పాట మధ్యలోనే ముగ్గురికీ నవ్వొచ్చి ఆగిపోయారని చెప్పుకున్నారు. ఇది గాయని జోనీ మిచెల్ ఇంట్లో జరిగిందని క్రాస్బీ, నాష్ అంటారు. కాదు, మామా కాస్‌గా పేరుబడ్డ కాస్ ఎలియట్ ఇంట్లో అని స్టిల్స్ అంటాడు. స్వరాలు కలిసినంత తేలిగ్గా జ్ఞాపకాలు కలవలేదు.

నాకు ఆ కథలో నచ్చేది నాష్ రెండుసార్లు ఊరికే వినడం. పాడటం వచ్చినవాడు మొదటిసారే నోరు తెరుస్తాడు. రెండుసార్లు విన్నవాడు, ఎక్కడ ఖాళీ ఉందో, ఎక్కడ ఊపిరి తీస్తున్నారో, ఏ అక్షరాన్ని సాగదీస్తున్నారో చూసుకుంటున్నాడన్నమాట. హాలీస్‌లో చిన్ననాటి స్నేహితుడు ఆలన్ క్లార్క్ పక్కన పై గొంతు పాడి పాడి సాధించిన చెవి అది.

క్రాస్బీ చదువు వేరే రకం. బైర్డ్స్‌లో రోజర్ మెగ్విన్, జీన్ క్లార్క్ ఇద్దరూ ఒకే వరస పాడుతుంటే, ఇతను ఒక్కడే దాని చుట్టూ తిరిగే రెండో వరస పాడేవాడు. ఇద్దరూ ఒకే చోట ఉన్నారు కాబట్టి మూడోవాడికి బోలెడు జాగా. ఎక్కడో పైన ఉండి, అవసరమైతే కిందికి దిగి, ఒకే స్వరం మీద ఆగి, మళ్లీ పక్కకి జరిగి. పైగా జాజ్ పిచ్చి, రవిశంకర్ సితార్ రికార్డుల పిచ్చి ఉన్నవాడు. నాష్ వచ్చి పై స్వరం తీసుకున్నాక క్రాస్బీ ఆ తిరుగుడంతా మధ్యలోకి, చేతి వెడల్పు జాగాలోకి మార్చుకోవాల్సి వచ్చింది. చాలా పాటల్లో ఏర్పాటు ఇదే: పైన నాష్ సన్నటి గొంతు, కింద స్టిల్స్ జీరగొంతు, మధ్యలో క్రాస్బీ.

మధ్యలో చేసే పని ఏమిటో కొంచెం విడమరచి చెప్పాలి. వరస స నుంచి రి, గ అంటూ మెట్లెక్కుతుంటే, పై గొంతు కూడా రెండేసి మెట్లు పైనుంచి అదే దారిలో ఎక్కడం అందరికీ తెలిసిన పద్ధతి. సినిమా కోరస్‌లో మనం ఎక్కువగా వినేది అదే. వినడానికి తియ్యగా ఉంటుంది, త్వరగా మొహం మొత్తుతుంది. నడిమి గొంతు కూడా అదే దారి పట్టిందంటే మూడు రైలు పట్టాలు పక్కపక్కనే పోయినట్టుంటుంది. అందుకని తెలిసినవాడు పక్కవాళ్లు కదిలినప్పుడు తను కదలడు. వాళ్లు ఆగినప్పుడు ఒక్క అరమెట్టు జరుగుతాడు. ఆ అరమెట్టుకి మొత్తం కూర్పు రంగు మారిపోతుంది. వినేవాడికి మారిందని తెలుస్తుంది, మార్చిందెవరో తెలియదు.

రికార్డు చేసింది లాస్ ఏంజెలెస్‌లో వాలీ హైడర్ స్టూడియోలో, 1969 ఫిబ్రవరి, మార్చి నెలల్లో. ఇంజనీరు బిల్ హాల్వర్సన్. ఎనిమిది ట్రాకుల టేపు. ఇవాళ ఫోనులో కూడా అంతకన్నా ఎక్కువ ట్రాకులు దొరుకుతాయి. గొంతుల కోసం ముగ్గురూ ఒకే మైకు చుట్టూ నిలబడేవాళ్లు. మాట చిన్నదే గాని, పనితనమంతా ఇక్కడే ఉంది. ఒక్కొక్కరికి ఒక్కో మైకు ఇస్తే తర్వాత తీరిగ్గా కూర్చుని ఒకరిని పెంచవచ్చు, ఒకరిని తగ్గించవచ్చు. మూడు గొంతులూ ఒకే మైకులోంచి ఒకే ట్రాకులోకి వెళ్లాక ఇంక ఎవరూ ఏమీ చెయ్యలేరు. పులుసులో పడ్డ ఉప్పు లాంటిది. కాబట్టి సర్దుబాటంతా పాడేటప్పుడే జరగాలి. గట్టి గొంతువాడు అరడుగు వెనక్కి, మెత్తగా పాడేవాడు అరడుగు ముందుకి. ఒకడి ఊపిరి ఇంకొకడి చెంపకి తగిలేంత దగ్గరగా నిలబడి, తన గొంతు తనకి వినబడినంతే పక్కవాడి గొంతూ వినబడేలా.

ఇలా ఒకసారి పాడి, చాలా చోట్ల దాని మీదే మళ్లీ రెండోసారి అదే పాడారు. ఏ మనిషీ ఒక మాటని రెండుసార్లు ఒకేలా అనలేడు. ఆ వెంట్రుకవాసి తేడా వల్ల మూడు గొంతులు ఆరై, వాటికి ఒక మందం వస్తుంది. హెడ్‌ఫోన్లలో వింటే పదం చివర 'స' లాంటి ఊష్మాలు పలికే చోట అది పట్టుబడుతుంది. లేదా పట్టుబడదు, ఎందుకంటే అక్షరం చివర ముగ్గురూ ఒకేసారి ఆపుతారు. నేను చాలాసేపు వెతికాను. కలిసి మొదలుపెట్టడం ఎవరైనా చేస్తారు, తల ఊపితే చాలు. కలిసి ఆపడం సాధన మీద తప్ప రాదు. స్టూడియోకి వెళ్లకముందు లండన్‌లోనూ, న్యూయార్క్ దగ్గర సాగ్ హార్బర్ అనే ఊళ్లోనూ కూర్చుని ఈ పాటలనే పాడుకున్నారు వాళ్లు. లండన్‌లో ఉన్నప్పుడు బీటిల్స్ వాళ్ల ఆపిల్ కంపెనీకి వీళ్లని తీసుకునే అవకాశం వచ్చింది. ఆ కంపెనీ వద్దనుకుంది.

వదిన ఇంకో సంగతి పట్టుకున్నారు. "నిలిపిన చోట నాలుగో గొంతు వినబడుతోందే," అన్నారు. నాలుగోది లేదు. కానీ ఆమె చెవికి వినబడటంలో వింతేమీ లేదు. బాగా శ్రుతి చేసిన తంబురాలో మంద్ర షడ్జం తీగ మీటితే, ఎవరూ మీటని అంతర గాంధారం సన్నగా తేలుతుంది గదా, స్వయంభూ గాంధారం. ఒక నాదంలో దాని రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు, అయిదింతల కంపనాలు కూడా ఉంటాయి. ఆ అయిదో దాని నుంచి పుట్టేది గాంధారం. గొంతులోనూ అవే కంపనాలు. ముగ్గురు మనుషులు స, గ, ప నిఖార్సుగా పట్టి, ఒకే అచ్చుని ఒకే నోటి ఆకారంతో పలికితే, ముగ్గురిలోని పై కంపనాలు ఒకదాని మీద ఒకటి పడి, ఎవరూ పాడని స్వరం పైన మోగుతుంది.

నిఖార్సుగా అన్నది ముఖ్యం. షడ్జం నుంచి ఆ సహజ గాంధారానికి దూరం, స్వరాల ఎడం కొలిచే లెక్కలో, 386 సెంట్లు. గిటారు మెట్ల మీద, హార్మోనియం మెట్ల మీద ఉన్న గాంధారం 400 సెంట్ల దూరాన ఉంటుంది. ఆ 14 సెంట్ల తేడానే మన విద్వాంసులకి హార్మోనియం అంటే గిట్టకపోవడానికి ఒక కారణం. 1940లో ఆకాశవాణి ఆ పెట్టెని వెలివేసింది కూడా. గొంతుకి మెట్లు లేవు, వినగలిగితే ఎక్కడికైనా సర్దుకోవచ్చు. నా గాంధారం ఆ రోజు ఎందుకు మోగలేదో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

మళ్లీ 'హెల్ప్‌లెస్లీ హోపింగ్' దగ్గరికి వద్దాం. రాసింది స్టిల్స్. పద్యం చదివే అలవాటున్న తెలుగువాడు ఈ పాట వినగానే ముందు పట్టుకునేది వృత్త్యనుప్రాస. ఒక చరణంలో పాదం 'హ'తో మొదలై వరసగా నాలుగైదు మాటలు హకారంతోనే నడుస్తాయి. తర్వాతది గకారం. ఇంకో చరణంలో వకారం, మళ్లీ హకారం, ఆఖర్న సకారం, లకారం. మామూలుగా ఇలాంటి విన్యాసం చూస్తే కవి నిఘంటువు పక్కన పెట్టుకున్నాడనిపిస్తుంది. ఇక్కడ దానికి ఒక పని ఉంది. ముగ్గురూ పదాన్ని ఒకేసారి అందుకోవాలి. హకారం అంటే ఊపిరి. వకారం అంటే పెదాలు. పదే పదే అదే అక్షరం వస్తుంటే మూడు నోళ్లూ ఒకే కదలికకి అలవాటుపడిపోతాయి. అలంకారం పాడేవాళ్లకి తాళంలా పనిచేస్తోంది. స్టిల్స్ అది ఆలోచించి చేశాడో, చేతికొచ్చిందో, నాకు దానితో పని లేదు.

పల్లవిలాంటి భాగంలో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ వెళ్లి, నాలుగో చోట ఇంగ్లీషులో 'కోసం' అనే అర్థం వచ్చే మాట వేస్తాడు. ఆ భాషలో ఆ మాటా, నాలుగు అంకే ఒకేలా పలుకుతాయి. శ్లేష. ఒంటరితనం గురించిన పాటలో ఈ లెక్క వింటుంటే, పాడుతున్నవాళ్లు ముగ్గురేనన్న సంగతి మనకి గుర్తుకొస్తుంది. అక్కడ చరణం చివర నిలిపిన స్వరంలో వదిన విన్న ఆ నాలుగో గొంతు వినండి.

ఈ పాటలో నడిమి గొంతుని విడదీసి వినడానికి ఒక పద్ధతి చెబుతాను. మొదటిసారి నాష్‌ని అనుసరించండి, తేలిక. రెండోసారి స్టిల్స్‌ని. మూడోసారి ఆ ఇద్దరినీ వద్దనుకుని మిగిలింది ఏమిటా అని వెతకండి. పట్టుకున్నారనుకునేలోపే జారుతుంది. దొరికిన చోట మాత్రం అది ఒంటరిగా పాడితే పాటలా ఉండదు. రెండు మూడు స్వరాలు, ఎటూ వెళ్లని వరస. ఎవరైనా వచ్చి అది ఒక్కటే పాడి వినిపిస్తే ఇదేం పాటని అడుగుతాం. క్రాస్బీ వ్యక్తిగా ఎంత గొప్పలు పోయేవాడో, ఎన్ని తగవులు పెట్టుకున్నాడో అందరికీ తెలిసిందే. ఆ మనిషి ఇంత పేరులేని పని ఇంత బుద్ధిగా చేశాడంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అతని సొంత పాట 'గ్వినెవిర్'లో స్టిల్స్ గొంతు లేదు. క్రాస్బీ, నాష్ ఇద్దరే. ఆర్థర్ రాజు రాణి పేరు పెట్టుకున్న ఈ పాట ముగ్గురు స్త్రీల గురించి. ఒకరు తన ప్రియురాలు క్రిస్టీన్ హింటన్, ఒకరు జోనీ మిచెల్ అని క్రాస్బీ చెప్పాడు, మూడో పేరు బయటపెట్టలేదు. మామూలుగా గిటారు తీగలు ఇ, ఎ, డి, జి, బి, ఇ. అతను ఇ, బి, డి, జి, ఎ, డి అని కట్టుకున్నాడు. దాంతో చెయ్యి ఎక్కడ పెట్టినా మామూలు గిటారులో దొరకని పొందికలు వస్తాయి, కొన్ని తీగలు మారకుండా అడుగున మోగుతూనే ఉంటాయి. లెక్క కూడా ఒకచోట నిలవదు. తాళం వేస్తూ వింటే రెండుసార్లు తప్పాను. తప్పించుకుని పోతున్నట్టుండదు, నీడలో నడుస్తున్నట్టుంటుంది. రెండు గొంతులు ఒకదానికొకటి దగ్గరగా రావు, మధ్యలో దూరం అలాగే ఉంచుతాయి. మూడో గొంతు వెయ్యాల్సిన చోటుని ఖాళీగా వదిలేశారు. దీన్ని జాజ్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 1970లో తన బృందంతో వాయించి రికార్డు చేశాడు. క్రాస్బీకి మొదట అది నచ్చలేదట.

'లేడీ ఆఫ్ ది ఐలండ్' నాష్ రాసిన ప్రేమపాట. మాటలు పలచన, దాచుకోవడం ఎందుకు. కానీ క్రాస్బీ వెనకాల మాటల్లేకుండా గొంతుతో ఒక వరస అల్లుతాడు చూడండి, దానికోసం వినాలి. మన కచేరీలో గాయకుడు ఒక సంగతి పాడి ఆగితే వయొలిన్ దాని తోక పట్టుకుని కాస్త ముందుకెళ్లి వదిలేస్తుంది. అలాగే. నాష్ వాక్యం ఇంకా అయిపోకముందే కిందనుంచి లేచి, అతను అందుకోగానే తగ్గిపోతుంది. మంచి పక్కవాద్యం చేసే మర్యాదంతా ఆ గొంతులో ఉంది.

ఎల్పీలో మొదటి పాట 'సూట్: జూడీ బ్లూ ఐస్'. ఏడు నిమిషాల ఇరవై అయిదు సెకన్లు. జూడీ కాలిన్స్ అనే గాయని మీద స్టిల్స్ ప్రేమ తెగిపోతున్న రోజుల్లో రాసినది. ఆమె కళ్లు నీలం. 'సూట్' అంటే కొన్ని భాగాలు గుదిగుచ్చిన సంగీతరచన. చెవికి 'తియ్యని' అనే మాటలా కూడా వినబడుతుంది. గిటారులో ఆరు తీగలనీ ఇ, ఇ, ఇ, ఇ, బి, ఇ అని కట్టాడు. వదినకి ఇది చెప్పగానే నవ్వారు. అయిదు షడ్జాలు, ఒక పంచమం. తంబురాయే! అందుకే ఆ గిటారు ఝుమ్మని మోగుతూ ఉంటుంది, గొంతులు దాని మీద నిలబడతాయి. కర్ణాటక సంగీతం చెవి ఉన్నవాళ్లకి ఈ ఎల్పీలో ముందు దగ్గరయ్యే పాట ఇదే.

నాలుగు భాగాలు. మొదటిది చురుకైన నడక. రెండోదానిలో వేగం సగానికి పడిపోతుంది, స్టిల్స్ దాదాపు ఒంటరిగా మాట్లాడుకుంటున్నట్టు పాడతాడు, మిగతా ఇద్దరూ వాక్యం చివర మాత్రం వచ్చి పోతారు. మూడోదానిలో పిట్టల ప్రస్తావనలతో మాటలు చిత్రంగా, కాస్త అర్థం కాకుండా పోతాయి, గొంతులు మాత్రం మళ్లీ దగ్గరవుతాయి. నాలుగోదానిలో మాటలే అయిపోతాయి. ముగ్గురూ కలిసి అర్థంలేని అక్షరాలు పట్టుకుని ఊగిపోతుంటే, స్టిల్స్ పైన స్పానిష్‌లో క్యూబా గురించి ఏదో పాడతాడు. చిన్నతనం కొంత కోస్టారికాలో గడిచినవాడు. విడిపోతున్న బాధతో మొదలైన పాట తిరునాళ్లలా ముగుస్తుంది. ఎందుకలా అంటే నా దగ్గర తర్కం లేదు. ఆరు నిమిషాలు ఏడ్చినవాడికి ఒక నిమిషం గంతులెయ్యాలనిపిస్తుందేమో.

ఇంతసేపూ గొంతుల గురించే చెప్పాను. వాద్యాల విషయానికొస్తే అక్కడ ప్రజాస్వామ్యం లేదు. గిటార్లు, బేస్, ఆర్గన్ చాలావరకు స్టిల్స్ ఒక్కడే వాయించాడు. మిగతా ఇద్దరూ అతనికి 'కెప్టెన్ మెనీ హ్యాండ్స్' అని పేరు పెట్టారు, కార్తవీర్యార్జునుడన్నమాట. డ్రమ్స్ డాలస్ టేలర్. రాబర్ట్ కెన్నెడీ హత్య తర్వాత క్రాస్బీ కోపంతో రాసిన 'లాంగ్ టైమ్ గాన్' ఎంతకీ కుదరకపోతే, ఇద్దర్నీ ఇంటికి పంపేసి స్టిల్స్ రాత్రంతా కూర్చుని వాద్యాలన్నీ కట్టేశాడు. పొద్దున వచ్చి విన్న క్రాస్బీకి తన పాట తనకి కొత్తగా వినబడింది. ఈ పెత్తనం ఎన్నాళ్లు సాగుతుందో ఊహించడం కష్టం కాదు. సాగలేదు కూడా. కానీ ఒకటి గమనించాను. వాద్యాలన్నీ ఒకే చేతిలోంచి రావడం వల్ల గొంతుల వెనక ఎక్కడా గుంపు లేదు. ఒకే మనిషి ఆలోచన మీద ముగ్గురు నిలబడ్డారు.

మిగతావాటిని త్వరగా దాటేస్తాను. 'మరాకేష్ ఎక్స్‌ప్రెస్' మొరాకోలో రైలెక్కిన నాష్ సరదా పాట. హాలీస్ వద్దన్నారని అలిగి తెచ్చుకున్నది. నాకైతే హాలీస్ మరీ తప్పు చేశారనిపించదు. 'ప్రీ-రోడ్ డౌన్స్'లో టేపుని వెనక్కి తిప్పిన గిటారు, గొంతుల్లో కాస్ ఎలియట్ కూడా ఉన్నారు. '49 బై-బైస్' రెండు వేర్వేరు పాటలకి వేసిన అతుకు, కుట్టు కనబడుతుంది. 'వుడెన్ షిప్స్' మీద మాత్రం ఒక మాట. అణుయుద్ధం తర్వాత మిగిలిన ఇద్దరు శత్రుపక్షాల మనుషులు ఎదురుపడి మాట్లాడుకోవడంతో మొదలవుతుంది. క్రాస్బీ ఒకరు, స్టిల్స్ ఒకరు, సంవాదంలా విడివిడిగా పాడతారు. ఆ విడి గొంతులు విన్న తర్వాత ముగ్గురూ కలిసినప్పుడు ఓడ కదిలినట్టే ఉంటుంది. రాసింది క్రాస్బీ పడవ 'మాయన్'లో, స్టిల్స్‌తోనూ జెఫర్సన్ ఎయిర్‌ప్లేన్ బృందంలోని పాల్ కాంట్నర్‌తోనూ కలిసి. కాగితాల చిక్కుల వల్ల కాంట్నర్ పేరు మొదట్లో ఎల్పీ మీద పడలేదు.

ఎల్పీ బిల్‌బోర్డ్ జాబితాలో ఆరో స్థానం దాకా వెళ్లి 107 వారాలు నిలిచింది. ఆగస్టులో వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో పాడారు, అది వాళ్ల రెండో కచేరీ. ఏళ్ల తరబడి పేరున్న ముగ్గురికి 1970లో ఉత్తమ నూతన కళాకారులుగా గ్రామీ ఇచ్చారు. వుడ్‌స్టాక్ నాటికే నీల్ యంగ్ వాళ్లతో కలిశాడు. తర్వాత విడిపోవడం, కలవడం, మళ్లీ విడిపోవడం. చివరి ఏళ్లలో క్రాస్బీ, నాష్ మధ్య మాటలు కూడా లేకుండా పోయాయి. క్రాస్బీ 2023 జనవరి 18న పోయాడు.

వదిన అట్ట చూపించమన్నారు. ఫోనులోనే చూపించాను. హెన్రీ డిల్ట్జ్ తీసిన ఫొటో. వెస్ట్ హాలీవుడ్‌లో పామ్ అవెన్యూ మీద ఎవరూ ఉండని ఒక పాత ఇల్లు, దాని ముందు చిరుగులు పట్టిన సోఫా. ఎడమ చివర నాష్, మధ్యలో గిటారుతో స్టిల్స్, కుడి చివర క్రాస్బీ. అప్పటికి బృందానికి పేరు ఖాయం కాలేదు. క్రాస్బీ, స్టిల్స్, నాష్ అని అనుకున్నాక చూసుకుంటే ఫొటోలో వరస తిరగబడి ఉంది. మళ్లీ తీద్దామని కొద్దిరోజులకే కెమెరా పట్టుకుని వెళ్లారు. అక్కడ ఇల్లు లేదు. కూల్చేసి, చెక్కలు వెనక్కి కుప్పగా నెట్టేశారు.

"అయితే మధ్యలో పాడినాయన చివర కూర్చున్నాడన్నమాట," అన్నారు వదిన. శ్రుతిపెట్టె మళ్లీ పెట్టి, అమ్మడిని పిలిచి, ఈసారి షడ్జం నన్ను పట్టమన్నారు. గాంధారం ఆవిడ తీసుకున్నారు.